తొలి యూదు బారిస్టర్ ఫ్రాన్సిస్ గోల్డ్‌స్మిడ్



గొప్పవారి జీవితం రాయమంటే మనం పేదరికం నుంచి పైకొచ్చినవారినే తలచుకుంటాం. ఈసారి మేము ఒక ధనవంతుడి గురించి రాస్తున్నాం. డబ్బుంటే ఏ తలుపైనా తెరుచుకుంటుందని మన ఇళ్ళల్లో అనుకుంటారు కదా, ఈయనకు అలా జరగలేదు.

ఫ్రాన్సిస్ హెన్రీ గోల్డ్‌స్మిడ్ 1808 మే 1న లండన్‌లో పుట్టారు. తండ్రి ఐజాక్ లయన్ గోల్డ్‌స్మిడ్ వెండి బంగారాల వ్యాపారంలో పేరుమోసినవారు. కానీ వారు యూదులు. ఆనాడు ఆక్స్‌ఫర్డ్‌లో చేరాలన్నా, కేంబ్రిడ్జ్‌లో పట్టా పుచ్చుకోవాలన్నా ఇంగ్లండ్ చర్చి సిద్ధాంతాలను ఒప్పుకోవాల్సిందే. అందుకే 1826లో అన్ని మతాలవారి కోసం లండన్ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు, దాని స్థలం కొనడానికి డబ్బు సమకూర్చినవారిలో ఐజాక్ ఒకరు. నేటి యూనివర్సిటీ కాలేజ్ లండన్ అదే. ఫ్రాన్సిస్ మాత్రం ఇంటివద్దే చదువుకున్నారు.

1833లో లింకన్స్ ఇన్‌లో బారిస్టర్ కావడానికి ఒక్క ప్రమాణమే అడ్డు. అందులో క్రైస్తవ విశ్వాసం సాక్షిగా అనే అర్థమొచ్చే మాటలున్నాయి. పెదవులతో పలికేస్తే పని అయిపోయేది. ఆయన పలకలేదు. చివరకు అక్కడి పెద్దలు చర్చించి, ఆ మాటలు వదిలేసి హీబ్రూ బైబిల్ మీద ప్రమాణం చేయనిచ్చారు. ఇంగ్లండ్‌లో బారిస్టరైన మొదటి యూదుడు ఆయనే. మా ఇంట్లో డిగ్రీ చేతికొచ్చిన మొదటివాళ్ళం మేమే కాబట్టి కాబోలు, ఈ ఘట్టం దగ్గర చాలాసేపు ఆగిపోయాం.

పార్లమెంటు ప్రమాణంలోనూ అవే మాటలు! బాల్యంలోనే బాప్తిస్మం పొందిన డిజ్రేలీ 1837లో సభలో కూర్చోగలిగారు. 1847లో గెలిచిన లయొనెల్ రోత్‌షిల్డ్ 1858 దాకా కూర్చోలేకపోయారు. యూదుల హక్కుల కోసం ఫ్రాన్సిస్ 1830 నుంచే కరపత్రాలు రాశారు. బిల్లును ప్రభువుల సభ పదే పదే తిప్పికొట్టేది. చివరకు 1858లో చట్టమైంది. ఆ ఏడే ఆయన తొలి యూదు క్వీన్స్ కౌన్సెల్ అయ్యారు.

ఇన్నేళ్ళు ఓపిక పట్టడానికి తండ్రి ఆస్తి అండగా ఉందన్నది కాదనలేం. మనలో ఎందరికుంది ఆ వీలు? అయితే ఆ డబ్బు ఇంట్లోనే ఉండిపోలేదు. 1841లో యూదుల పసిపిల్లల కోసం బడి పెట్టించారు. భార్య లూయిసా ఆడవారి ఉన్నత విద్య కోసం పాటుపడ్డారు.

1860లో రెడింగ్ నుంచి లిబరల్ సభ్యుడిగా గెలిచి, చనిపోయేదాకా కొనసాగారు. రుమేనియాలో యూదుల మీద జరిగే దాడుల గురించి సభలో మాట్లాడేవారు.

1878 మే 2న, డెబ్బై ఏళ్ళు నిండిన మర్నాడే, వాటర్లూ స్టేషన్‌లో రైలు ఆగకముందే దిగబోయి పడి మరణించారు. పిల్లలు లేరు. బారోనెట్ బిరుదు తమ్ముడి కొడుకు జూలియన్‌కు వచ్చింది. అప్పటికే ఆయనా పార్లమెంటు సభ్యుడే.