బాబ్ కాదు, రొబెర్తో

మన హాస్టల్లో ఎంత పొడుగు పేరైనా మొదటి సెమిస్టర్ అయ్యేలోపు రెండక్షరాలకి దిగిపోతుంది. పిలిచేది స్నేహితులే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ పలకడం కష్టమని పరాయివాళ్లు మన పేరే మార్చేస్తే? రొబెర్తో క్లెమెంటే గురించి చదువుతుంటే, అతని ఆట కంటే ముందు నన్ను పట్టుకున్నది ఈ విషయమే.

1934లో ప్యూర్టోరికోలోని కరోలినాలో పుట్టాడు. తండ్రి చెరకు తోటల్లో మేస్త్రీ. 1954లో అమెరికాలో పిట్స్‌బర్గ్ పైరేట్స్ అనే బేస్‌బాల్ జట్టు లీగ్‌లో అట్టడుగున ఉంది. ఆఖర్న ఉన్నవాళ్లకి వేరే జట్ల కుర్రాళ్లలోంచి ముందుగా ఎంచుకునే అవకాశం ఉండేది. అలా బ్రూక్లిన్ డాడ్జర్స్ చేతిలో ఉన్న క్లెమెంటేని 4,000 డాలర్లకి తీసుకున్నారు. ఆ జట్టు చరిత్రలో ఇంత చవగ్గా దొరికిన అదృష్టం ఇంకోటి ఉండదనుకుంటా.

నల్లవాడు, పైగా మాతృభాష స్పానిష్. ఫ్లోరిడాలో ప్రాక్టీసు రోజుల్లో తెల్ల ఆటగాళ్లు హోటల్లో కూర్చుని తింటుంటే నల్లవాళ్లు బస్సులోనే ఉండాల్సి వచ్చేది. పత్రికలు అతని ఇంగ్లీషు యాసని అలాగే అచ్చేసి నవ్వులాట చేసేవి. ఆటగాళ్ల బొమ్మల కార్డుల మీద అతన్ని బాబ్ చేసేశారు. అతను మాత్రం తన పేరు రొబెర్తో అనే చెప్పేవాడు.

1960లో యాంకీస్‌ని ఓడించి, 35 ఏళ్ల తర్వాత పైరేట్స్ వరల్డ్ సిరీస్ గెలిచింది. క్లెమెంటే ఏడు మ్యాచ్‌ల్లోనూ హిట్ కొట్టాడు. 1971 సెప్టెంబర్ 1న మేజర్ లీగ్‌లో మొదటిసారి, నల్లవాళ్లూ లాటిన్ అమెరికన్లే ఉన్న తొమ్మిదిమందిని దించిందీ ఈ జట్టే. ఆ తర్వాతి నెల వరల్డ్ సిరీస్‌లో మొదటి రెండు మ్యాచ్‌లు ఓడి కూడా బాల్టిమోర్ మీద గెలిచారు. ఉత్తమ ఆటగాడు క్లెమెంటే. టీవీ మైకు ముందుకి రాగానే, ముందు స్పానిష్‌లో తల్లిదండ్రుల దీవెన అడిగాడు. ఇంగ్లీషు తర్వాత. ప్లేస్‌మెంట్ల ముందు యాస దిద్దుకోవడానికి తంటాలు పడే మనం ఆ క్షణాన్ని ఒకసారి ఊహించుకోవాలి.

1972 సెప్టెంబర్ 30న 3,000వ హిట్ కొట్టాడు. అప్పటిదాకా అంత దూరం వెళ్లింది పదిమందే. లీగ్ మ్యాచ్‌ల్లో అదే అతని ఆఖరి హిట్. డిసెంబర్ 23న నికరాగువా రాజధాని మనాగువాని భూకంపం కూల్చేసింది. తను సేకరించి పంపిన సాయం బాధితులకి చేరకుండా సైనికుల పాలవుతోందని విని, ఈసారి తనే బయల్దేరాడు. డిసెంబర్ 31 రాత్రి ఆ పాత విమానం పరిమితికి మించిన బరువుతో లేచి, కాసేపటికే సముద్రంలో పడింది. శవం కూడా దొరకలేదు. వయసు 38. క్లాసులో లోడు లెక్కలు చేసే మనకి, ఆ విమానం బరువు ఎవరైనా ఆపి చూసుంటే అనిపించక మానదు.

హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి రావాలంటే ఆట మానేశాక అయిదేళ్లు ఆగాలి. అతని కోసం ఆ నియమం పక్కనపెట్టి 1973లోనే చేర్చారు. కానీ ఆ ఫలకం మీదా పేరు తప్పే! స్పానిష్ పద్ధతిలో తండ్రి ఇంటిపేరు ముందు, తల్లిది చివర: రొబెర్తో క్లెమెంటే వాకర్. చెక్కినవాళ్లు వాకర్‌ని మధ్యలో పెట్టేశారు. 2000లో కొత్త ఫలకం పోతపోసి సరిచేశారు. అప్పటికి అతను పోయి 27 ఏళ్లు దాటింది.