పెన్‌ఫీల్డ్: మెదడును తాకిన విశ్వాసి

ఫిట్స్ వచ్చే బిడ్డ ఉన్న తల్లిదండ్రులు మన సంఘాలలో రెండు భారాలు మోస్తున్నారు. ఒకటి జబ్బు, రెండోది చుట్టూ ఉన్నవారి మాటలు. దయ్యం పట్టిందని ఒకరంటారు. పెద్దలు చేసిన పాపమని ఇంకొకరంటారు. విశ్వాసముంటే మాత్రలెందుకని మరొకరు అడుగుతారు. ఆ మాటలకు లోబడి మందులు ఆపేసి, బిడ్డను మళ్లీ ప్రమాదంలో పడేసుకున్న కుటుంబాలు ఉన్నాయి. అందుకే ఈ వారం వైల్డర్ పెన్‌ఫీల్డ్ అనే వైద్యుని జీవితాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము. ఆయన బైబిలు చదివే ఇంట పెరిగారు. మూర్ఛరోగం మెదడులో ఎక్కడ పుడుతుందో వెదకడానికి తన బ్రతుకంతా వెచ్చించారు.

పెన్‌ఫీల్డ్ 1891 జనవరి 26న అమెరికాలోని స్పోకేన్ పట్టణంలో పుట్టారు. తండ్రి వైద్యుడే గాని వృత్తిలో నిలదొక్కుకోలేకపోయాడు. కొడుక్కి ఎనిమిదేళ్లప్పుడు తల్లి జీన్ పిల్లలను వెంటబెట్టుకొని విస్కాన్సిన్ రాష్ట్రంలోని హడ్సన్‌కు, తన పుట్టింటికి చేరింది. ప్రెస్బిటేరియన్ విశ్వాసంలో పిల్లలను పెంచింది. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునేందుకు ఇచ్చే రోడ్స్ స్కాలర్‌షిప్ సంగతి విని, కొడుకు దాన్ని సంపాదించాలని అతని చిన్ననాడే ఆశ పెట్టుకుంది. ఆమె బ్రతికి ఉన్నంతకాలం ఆయన ఎక్కడున్నా వారం వారం ఆమెకు ఉత్తరం రాస్తూనే వచ్చారు.

తండ్రిని చూసి, వైద్యవృత్తి మాత్రం వద్దని ఆయన మొదట్లో అనుకున్నారు. ప్రిన్స్‌టన్‌లో చదువు ముగిసే నాటికి ఆ మనసు మారింది. లోకానికి మేలు చేయడానికి వైద్యమే దగ్గరి దారి అని తోచింది. స్కాలర్‌షిప్ దొరికి ఆక్స్‌ఫర్డ్ వెళ్లాక ఇద్దరు గొప్ప గురువులు దొరికారు. నాడీమండల శాస్త్రంలో చార్లెస్ షెరింగ్టన్, వైద్యంలో విలియం ఆస్లర్. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తున్న 1916 మార్చిలో ఆయన ఎక్కిన ససెక్స్ అనే ఓడను ఇంగ్లిష్ ఛానెల్‌లో జర్మన్ జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. ఎందరో చనిపోయారు. పెన్‌ఫీల్డ్ కాలికి తీవ్రమైన గాయమైంది. ఆస్లర్ దంపతులు ఆయనను తమ ఇంట పెట్టుకొని కోలుకునేదాకా చూసుకున్నారు. మరుసటి ఏడు ఆయనకు హెలెన్ కెర్మాట్‌తో వివాహం జరిగింది. 1918లో జాన్స్ హాప్‌కిన్స్ నుండి వైద్యపట్టా పుచ్చుకున్నారు.

ఆయన పనిని అర్థం చేసుకోవడానికి ఒక మాట తెలియాలి. లాటిన్ భాషలో కార్టెక్స్ అంటే చెట్టు బెరడు. శరీరంలో ఒక అవయవానికి పైపొర వేరుగా ఉంటే వైద్యులు దాన్ని కార్టెక్స్ అంటారు. మన పాఠ్యపుస్తకాలు వల్కలం అంటాయి. మూత్రపిండాల మీద టోపీలా కూర్చున్న అడ్రినల్ గ్రంథికీ వల్కలం ఉంది. కార్టిసాల్ వంటి హార్మోనులను తయారుచేసి, ఒత్తిడి వచ్చినప్పుడు శరీరాన్ని నిలబెట్టేది అదే. మెదడుకు ఉన్న వల్కలం కొన్ని మిల్లీమీటర్ల మందం మాత్రమే ఉండే బూడిదరంగు పొర. ముడతలు ముడతలుగా ఉంటుంది. చూపు, మాట, కదలిక, స్పర్శ అన్నీ ఆ పలుచని పొర మీద ఆధారపడినవే. అక్కడ ఒక గాయం మానిన మచ్చ ఉన్నా, గడ్డ పెరిగినా, చుట్టూ ఉన్న కణాలు అదుపుతప్పి ఒక్కసారిగా విద్యుత్తును వెలువరించవచ్చు. ఫిట్స్ అంటే అదే.

ఆ మచ్చ ఎలా ఏర్పడుతుందో తెలుసుకోవడానికి పెన్‌ఫీల్డ్ 1924లో స్పెయిన్ వెళ్లి, మాడ్రిడ్‌లో రియో ఒర్తేగా దగ్గర మెదడు కణాలకు రంగువేసి చూసే పద్ధతి నేర్చుకున్నారు. 1928లో జర్మనీలోని బ్రెస్లావ్ నగరానికి వెళ్లి ఓట్‌ఫ్రిడ్ ఫోర్‌స్టర్ శస్త్రచికిత్సలను దగ్గరుండి చూశారు. ఫోర్‌స్టర్ రోగికి మత్తిచ్చి నిద్రపుచ్చకుండా, తలచర్మానికి మాత్రమే తిమ్మిరెక్కించి, మెదడు మచ్చలను తీసేవాడు. తాకినా కోసినా మెదడుకు నొప్పి తెలియదు గనుక అది సాధ్యమైంది. ఆ విద్య నేర్చుకొని పెన్‌ఫీల్డ్ అదే ఏడు కెనడాలోని మాంట్రియల్‌లో, రాయల్ విక్టోరియా ఆసుపత్రిలో స్థిరపడ్డారు.

అక్కడ ఆయనకు ఎదురైన అతి కష్టమైన రోగి సొంత అక్క రూత్. చిన్ననాటి నుండి ఆమెకు ఫిట్స్ వస్తుండేవి. 1928 చివరికి తలనొప్పి, చూపు మందగించడం కూడా తోడయ్యాయి. పరీక్షిస్తే మెదడు ముందుభాగంలో పెద్ద గడ్డ ఉన్నట్టు తేలింది. ఇంటివారికి వైద్యం చేయకూడదన్నది వైద్యుల్లో పాత నియమం. అయినా ఆ డిసెంబరులో తమ్ముడే కత్తి పట్టారు. ఆమె మెలకువగా ఉండగానే కుడివైపు ముందుభాగాన్ని చాలా మట్టుకు తీసివేశారు. గడ్డ వేళ్లు లోతుకు పాకి ఉన్నాయి. పూర్తిగా తీయలేకపోయారు. రూత్ ఇంటికి వెళ్లి, పిల్లల తల్లిగా మరికొంతకాలం జీవించి, 1931లో కన్నుమూసింది.

ఈ మధ్యకాలంలో ఆయన అక్కను జాగ్రత్తగా గమనించారు. ఆమె మాట, జ్ఞాపకం, మంచితనం చెక్కుచెదరలేదు. కాని ఒకనాడు అతిథులకు భోజనం సిద్ధం చేయబోయి, ఏది ముందు ఏది వెనుక అన్న వరుస కుదుర్చుకోలేక అవస్థపడింది. మెదడు ముందుభాగం చేసే పనేమిటో వైద్యలోకానికి తెలియజేసిన తొలి ఆధారాలలో ఆమె కథ ఒకటైంది. దుఃఖంలో నుండి ఆయన ఒక పని కోరుకున్నారు. శస్త్రవైద్యులు, నాడీవైద్యులు, పరిశోధకులు ఒకే కప్పు కింద కలిసి పనిచేసే సంస్థ కావాలన్నారు. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ 12 లక్షల డాలర్లకు పైగా ఇచ్చింది. 1934లో మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ తెరుచుకుంది. అది నేటికీ పనిచేస్తోంది.

అక్కడి శస్త్రచికిత్స గదిలో జరిగేది ఇది. రోగి మెలకువగా పడుకొని ఉంటారు. పుర్రెలో ఒక భాగం తెరిచి, వైద్యుడు సన్నని తీగ కొనతో మెదడు వల్కలం మీద స్వల్పమైన విద్యుత్తు తాకిస్తాడు. ఒక చోట తాకితే రోగికి బొటనవేలు తిమ్మిరెక్కినట్టు తెలుస్తుంది. మరికాస్త కిందికి తాకితే పెదవి మీద ఏదో పాకినట్టు ఉంటుంది. ఇంకో చోట తాకితే మాట ఆగిపోతుంది. ప్రతి చోటా చిన్న అంకె చీటీ పెట్టి, రోగి చెప్పినది రాసుకుంటారు. రోగం పుడుతున్న భాగాన్ని తీసేటప్పుడు చేతినీ మాటనూ పోగొట్టకూడదన్నదే ఈ శ్రమకు కారణం. పరిశోధన ఆ జాగ్రత్త వెంట వచ్చింది.

1937లో ఎడ్విన్ బోల్డ్రీతో కలిసి ఆయన 163 మంది రోగుల వివరాలను ప్రకటించారు. వాటితో మెదడు మీద శరీరపు పటం ఒకటి తయారైంది. ఎడమ శరీరపు స్పర్శ కుడి మెదడులో, కుడి శరీరపు స్పర్శ ఎడమ మెదడులో ఉంటుంది. పాదం పైన మధ్యలో, చెయ్యి పక్కన, ముఖం కింద. ఆ పటంలో శరీరపు కొలతలు మారిపోతాయి. వీపు అంతటికీ దొరికింది చిన్న తావే. వేళ్లకు, పెదవులకు, నాలుకకు పెద్ద తావు దొరికింది. సున్నితంగా తెలుసుకోవలసిన అవయవానికి ఎక్కువ చోటు అన్నమాట. ఆ పటంలో కొన్ని సవరణలు తర్వాతివారు చేశారు గాని, మెదడు శస్త్రచికిత్స నేర్చుకునేవారు నేటికీ దానితోనే మొదలుపెడతారు.

ప్రభువు కుష్ఠరోగిని మాటతో మాత్రమే బాగుచేయగలిగియుండి కూడా చెయ్యి చాపి ముట్టాడని సువార్తలో చదువుతాము. ఎవరూ తాకని మనిషికి ఒక చేతి స్పర్శ ఎంత పెద్ద సంగతో మన మెదడు నిర్మాణమే చెబుతోంది.

పెన్‌ఫీల్డ్ మరొకటి కూడా వెదికారు. మెదడును పూర్తిగా తెలుసుకుంటే మనసు కూడా అందులోనే దొరుకుతుందన్న నమ్మకంతో ఆయన పని మొదలుపెట్టారు. విద్యుత్తు తాకగానే రోగి చెయ్యి లేచేది. అయితే దాన్ని లేపినది తాను కాదని, డాక్టరేనని రోగి చెప్పేవాడు. కొందరికి ఎప్పుడో విన్న పాట వినబడేది, పాత దృశ్యం కనబడేది. కాని మనిషి చేత ఒక నిర్ణయం చేయించే చోటు, ఒక సంగతిని నమ్మించే చోటు ఆయనకు ఆ పొర మీద ఎక్కడా దొరకలేదు. 1975లో వచ్చిన చివరి పుస్తకాలలో ఒకదానిలో, మనసును మెదడుతో ఒకటి చేసి వివరించడం కన్నా రెండూ వేరని అనుకోవడమే తనకు తేలికగా ఉందని రాశారు. ఎందరో శాస్త్రజ్ఞులు దాన్ని ఒప్పుకోలేదు. ఆయన కూడా అది రుజువైందని చెప్పలేదు.

ఆయన నిజాయితీకి గుర్తుగా ఒక బండ ఉంది. తన పొలంలోని ఆ బండ మీద ఆయన ఎన్నో ఏళ్ల కిందట రంగుతో బొమ్మ వేశారు. ఒక వైపు ఆత్మ అనే అర్థమిచ్చే గ్రీకు మాట. మరో వైపు మనిషి తల, అందులో మెదడు. రెంటినీ కలుపుతూ ఒక గట్టి గీత. చనిపోయే ముందు కొన్ని నెలలకు, చలిలో ఒకదాని మీద ఒకటిగా స్వెటర్లు వేసుకొని ఆ ముసలాయన బండ దగ్గరికి నడిచి వెళ్లి, ఆ గీతను తెగిన గీతగా మార్చారు. తెలియని చోట తెలిసినట్టు గీత గీయకూడదని ఆయన తలంచినట్టున్నారు. విశ్వాసులమైన మనం ఆయన మాటను వాదనలో ఆయుధంగా వాడుకునే ముందు ఆ తెగిన గీతను తలచుకోవాలి.

1960లో ఆయన పదవీ విరమణ చేశారు. అంతకు ముందే, అబ్రాహాము భార్య శారా గురించి తల్లి సగంలో విడిచిన నవలను ఆయన తిరగరాసి 1954లో ప్రచురించారు. 1976 ఏప్రిల్ 5న మాంట్రియల్‌లో కన్నుమూశారు. ఆ చివరి వారాల వరకు ఆత్మకథ రాస్తూనే ఉన్నారు. ఏ మనిషీ ఒంటరిగా ఏదీ సాధించడు అన్నది దాని పేరులోని భావం.

ఇప్పుడు మన సంగతి. మత్తయి సువార్త 4వ అధ్యాయం 24వ వచనం తెరిచి చూడండి. ప్రభువు దగ్గరికి తెచ్చిన రోగుల వరుసలో దయ్యము పట్టినవారు వేరుగా, చాంద్రరోగులు వేరుగా ఉన్నారు. చాంద్రరోగమని మన పాత అనువాదకులు రాసినది మూర్ఛరోగాన్నే. ఆ రెంటినీ సువార్తికుడే విడదీసి చెప్పగా, ఫిట్స్ వచ్చిన ప్రతి బిడ్డనూ దయ్యాల లెక్కలో వేయడానికి మనకు అధికారం ఎక్కడిది? పౌలు వెంట నడిచిన లూకా వైద్యుడే. ప్రార్థనకూ మందుకూ వైరం పెట్టినది లేఖనం కాదు, మనమే.

కాబట్టి సంఘకాపరులను, పెద్దలను ఒక్కటే వేడుకుంటున్నాము. ఫిట్స్ ఉన్నవారి కోసం ప్రార్థించండి, మాత్రలు ఆపమని మాత్రం ఎన్నడూ చెప్పకండి. ఆరాధనలో ఎవరికైనా ఫిట్స్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టకండి, నోట్లో చెంచా దూర్చకండి, గట్టిగా అదిమి పట్టకండి. గట్టి వస్తువులు పక్కకు జరిపి, తల కింద మెత్తనిదేదైనా పెట్టి, మెల్లగా ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. తెలివి వచ్చాక అందరూ గుమిగూడి చూడకుండా, ఒక్కరు చెయ్యి పట్టుకొని పక్కన కూర్చోండి.

రూత్‌ను ఆమె తమ్ముడు పూర్తిగా బాగుచేయలేకపోయాడు. అయినా విడిచిపెట్టలేదు. మన మధ్య ఉన్న రోగులను విడిచిపెట్టని హృదయాన్ని, వారిని సరిగా చూసే తెలివిని దేవుడు మన సంఘాలకు అనుగ్రహించును గాక.