బేలా బార్టోక్

నాట్లు వేస్తూ పాడే పాటలు మీరు వినే ఉంటారు. అటువంటి పల్లెపాటలను ఆధునిక పాశ్చాత్య సంగీతానికి పునాదిగా చేసుకున్న స్వరకర్తల్లో బేలా బార్టోక్ ముఖ్యుడు.

అతడు 1881లో నాటి హంగరీలో జన్మించాడు. ఏడేళ్లకే తండ్రి చనిపోగా, ఉపాధ్యాయురాలైన తల్లి పెంచింది. మిత్రుడు కొడాయ్‌తో కలిసి 1906లో హంగరీ జానపద గీతాల సంపుటిని వెలువరించాడు. ఊరూరా తిరిగి, రైతుల పాటలను ఫోనోగ్రాఫు మైనపు గొట్టాలపై రికార్డు చేశాడు. వాటి స్వరాలను, లయలను తన రచనల్లో కొత్తగా వాడాడు. రుమేనియన్, స్లోవాక్ పాటలనూ అంతే శ్రద్ధతో సేకరించాడు. అందుకు స్వదేశంలో కొందరు అతనికి దేశభక్తి లేదని నిందించారు. అయినా అతడు మానలేదు.

నాజీల ప్రాబల్యం పెరగడంతో 1940లో అమెరికా వెళ్లాడు. అక్కడ జబ్బుతో బాధపడుతూనే, 1943లో తన ప్రసిద్ధ వాద్యబృంద రచన పూర్తిచేశాడు. 1945లో న్యూయార్కులో మరణించాడు.

పొరుగువారి పాటను గౌరవిస్తే మన పాట చిన్నబోదని అతని జీవితం మీకు తెలుపుతుంది.