డాక్టరు లియో కానరు

బిడ్డ పిలిచిన పలుకక, ఎదుటివారి మొగము చూడక, తనలో తానే యుండినచో లోకము మొదట తల్లినే తప్పుపట్టును. ఈ యపనిందకు శాస్త్రగౌరవము కలిగించినవారిలో నొకడయ్యు, కడకు నిండుసభలో దానిని తానే తొలగించిన వైద్యుడు లియో కానరు. ఆయన చరిత్రము చదువరు లెల్లరు నెరుగదగినది.

కానరు 1894వ సంవత్సరమున నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యములోని క్లెకొటోవ్ గ్రామమున నొక యూదు కుటుంబములో జన్మించెను. ఆ గ్రామ మిపుడు ఉక్రెయిను దేశములో నున్నది. బెర్లినులో వైద్యము నభ్యసించి 1921లో పట్టము నంది, 1924లో అమెరికాకు వలసపోయెను. 1930లో బాల్టిమోరు నందలి జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలలో బాలుర మానసిక చికిత్సకు ప్రత్యేకశాఖను నెలకొల్పెను. పండితుల యుపదేశములతో బెదరిపోవుచున్న తల్లుల కండగా 1941లో నొక గ్రంథమును గూడ రచించెను.

1943లో ఆయన ప్రకటించిన వ్యాసము వైద్యశాస్త్రమున నొక క్రొత్త ప్రకరణమునకు నాంది యయ్యెను. అందు పదునొకండ్రు బిడ్డల వృత్తాంతములు కలవు; వారిలో నెనమండ్రు బాలురు, మువ్వురు బాలికలు. మనుష్యులకంటె వస్తువులయందు మక్కువ, విన్నమాటనే మరల వల్లించుట, నిత్యక్రమము రవంత మారినను సహింపకుండుట, అద్భుతమైన జ్ఞాపకశక్తి వారి లక్షణములు. ఇట్టివారిని చెవిటివారనియో మందబుద్ధులనియో లోకము త్రోసివేయుచుండెను. స్విట్జర్లాండు వైద్యుడు బ్లాయిలరు వేరొక మనోవ్యాధి సందర్భమున కల్పించిన ఆటిజం అను పదమును కానరు ఈ స్థితికి వాడి, ఇది పుట్టుకతో వచ్చినదని నిర్ణయించెను. మాస్కోలో సుఖరేవా అను వైద్యురాలు 1925లోనే యిట్టి బాలురను వర్ణించియుండెను. వియన్నాలో ఆస్పర్గరు 1944లో వర్ణించెను.

అయినను కానరు తన నిర్ణయముపై నిలువలేదు. తన యొద్దకు వచ్చిన తలిదండ్రులు విద్యాధికులు, మితభాషులు నగుట చూచి, 1949 నాటికి వారి హృదయశైత్యమును కారణముగా నెంచెను. తల్లుల పక్షమున కలము పట్టిన చేయియే వారిపై నేరము మోపెను! తరువాత చికాగోలో బెటల్‌హైము ఆ వాదమును మరింత తీవ్రము చేసెను. బిడ్డకై కన్నీరు కార్చుచున్న తల్లి, ఆ దుఃఖమునకు తానే కారణమను మాటను గూడ వైద్యుని నోట వినవలసి వచ్చెను.

1964లో, అట్టి బిడ్డకు తండ్రియగు రిమ్లండు ఈ వాదమును గ్రంథముఖమున ఖండించెను. 1969లో తలిదండ్రుల మహాసభయందు కానరు వారిని నిర్దోషులుగా ప్రకటించెను. వంశానుగత కారణముల ప్రాబల్యమును 1977లో కవలల పరిశోధన స్థాపించెను.

ఆ పదునొకండ్రలో మొదటి బాలుడు ఒక రైతుదంపతుల యింట పెరుగుచుండగా 1945లో కానరు చూడబోయెను. మొక్కజొన్న సాళ్లను పదేపదే లెక్కించుట యా బాలుని యలవాటు. దంపతులు దానిని మాన్పింపక, దున్నుచు లెక్కింపుమని నాగలి చేతికిచ్చిరి. బాలుడు గుఱ్ఱమును నేర్పుతో త్రిప్పుచు దున్నుట చూచి వైద్యుడు విస్మితుడయ్యెను.

కానరు 1981లో కాలధర్మము నొందెను. ఇట్టి బిడ్డ యే యింట నున్నను, దోషము వెదకుట మాని ఆ రైతుదంపతులవలె త్రోవ వెదకుట పెద్దల ధర్మము.