శరణార్థుల ఆత్మబంధువు - నాన్సెన్

ఒక దేశపు సరిహద్దును దాటదలచిన మనిషి తానెవరో ముందుగా నిరూపించుకోవాలి. అందుకు ఆధారం పాస్‌పోర్టు. మొదటి ప్రపంచయుద్ధానికి పూర్వం ఐరోపాలోని అనేక దేశాల మధ్య పాస్‌పోర్టు లేకుండానే రాకపోకలు సాగేవి. 1914లో యుద్ధం ఆరంభం కాగానే ప్రభుత్వాలు సరిహద్దులను కట్టుదిట్టం చేశాయి. యుద్ధం ముగిసినా ఆ కట్టుబాట్లు తొలగిపోలేదు. అటువంటి కాలంలో, ఏ ప్రభుత్వమూ తనవారని అంగీకరించని లక్షలాది ప్రజలకు గుర్తింపును సాధించి పెట్టిన మహనీయుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్.

నాన్సెన్ 1861 అక్టోబరు 10వ తేదీన నార్వే రాజధాని సమీపంలో జన్మించాడు. నేడు ఓస్లోగా పిలుస్తున్న ఆ నగరానికి నాడు క్రిస్టియానియా అని పేరు. జంతుశాస్త్రాన్ని అభ్యసించిన నాన్సెన్ నాడీమండలంపై పరిశోధన చేసి 1888లో డాక్టరేటు పొందాడు. అదే సంవత్సరం ఐదుగురు సహచరులతో కలిసి గ్రీన్‌లాండ్ మంచు పీఠభూమిని దాటాడు. జనావాసాలున్న పశ్చిమ తీరంనుండి బయలుదేరితే కష్టకాలంలో వెనుదిరగాలనే కోరిక కలుగుతుందని భావించి, నిర్జనమైన తూర్పు తీరంనుండి యాత్ర ప్రారంభించాడు. 1893లో 'ఫ్రామ్' అనే నౌకలో ఉత్తర ధ్రువ యాత్రకు బయలుదేరాడు. 1895లో ఒక్క సహచరునితో 86 డిగ్రీల ఉత్తర అక్షాంశాన్ని దాటి, అంతవరకు ఏ మానవుడూ చేరని చోటికి చేరాడు. ఈ యాత్రలు ఆయనకు ప్రపంచఖ్యాతిని తెచ్చాయి. 1905లో నార్వే స్వీడన్‌నుండి విడిపోయినప్పుడు కీలకపాత్ర వహించి, ఆ తరువాత రెండేళ్లు లండన్‌లో తన దేశపు రాయబారిగా పనిచేశాడు.

1920లో నానాజాతి సమితి ఆయనకు ఒక బాధ్యతను అప్పగించింది. యుద్ధం ముగిసినా లక్షలాది యుద్ధఖైదీలు, ముఖ్యంగా రష్యాలో, స్వదేశం చేరలేక మగ్గుతున్నారు. సోవియట్ ప్రభుత్వాన్ని అనేక దేశాలు గుర్తించనందున ఇరుపక్షాలూ విశ్వసించే వ్యక్తి అవసరమయ్యాడు. నాన్సెన్ నౌకలను, నిధులను సమకూర్చి 1922 నాటికి నాలుగు లక్షల ఇరవై ఏడు వేలకు పైగా ఖైదీలను స్వస్థలాలకు చేర్చాడు.

ఖైదీలకు తిరిగి వెళ్లడానికి స్వదేశమున్నది. శరణార్థులకు ఆ అవకాశం కూడా లేదు. రష్యాలో విప్లవం, అంతర్యుద్ధం కారణంగా పది లక్షలకు మించిన ప్రజలు దేశం విడిచిపోయారు. 1920 నవంబరులో సుమారు లక్షన్నరమంది నౌకలలో కాన్‌స్టాంటినోపుల్ చేరుకున్నారు. 1921 డిసెంబరులో సోవియట్ ప్రభుత్వం విదేశాలలో ఉన్న వీరిలో అనేకుల పౌరసత్వాన్ని రద్దు చేసింది. వారి పాత పాస్‌పోర్టులు చిత్తుకాగితాలయ్యాయి. పని దొరికే దేశానికి పోదామంటే పత్రం లేదు. ఉన్నచోట ఉందామంటే జీవనాధారం లేదు.

అప్పటికే, 1921లోనే, నానాజాతి సమితి నాన్సెన్‌ను రష్యన్ శరణార్థుల హైకమిషనర్‌గా నియమించింది. తన భూభాగంలోకి ఎవరిని రానివ్వాలో నిర్ణయించే అధికారాన్ని ఏ ప్రభుత్వమూ వదులుకోదని ఆయన గ్రహించాడు. అందుచేత ఆ అధికారాన్ని ప్రశ్నించకుండానే మార్గం వెదికాడు. 1922 జూలైలో జెనీవాలో జరిగిన సమావేశంలో ఒక గుర్తింపు ధ్రువపత్రానికి ప్రభుత్వాల అంగీకారం పొందాడు. శరణార్థి నివసిస్తున్న దేశమే దానిని జారీ చేస్తుంది. ఇతర దేశాలు దానిపై వీసా ఇవ్వవచ్చు. ఇదే 'నాన్సెన్ పాస్‌పోర్టు'గా ప్రసిద్ధి చెందింది. క్రమంగా యాభైకి పైగా దేశాలు దానిని గుర్తించాయి. 1924లో ఆర్మేనియన్లకు, 1928లో అస్సీరియన్లు మొదలైనవారికి ఈ సౌకర్యం విస్తరించింది. సంగీతకర్త స్ట్రావిన్‌స్కీ, చిత్రకారుడు షగాల్ వంటివారు ఈ పత్రాన్ని పొందినవారే.

అయితే ఈ పత్రానికి పరిమితులున్నాయి. అది పౌరసత్వాన్ని ఇవ్వదు. ఏ దేశాన్నీ తలుపు తెరవమని నిర్బంధించదు. తొలినాళ్లలో, పత్రమిచ్చిన దేశానికి తిరిగి వచ్చే హక్కు కూడా దానివల్ల లభించలేదు. తిరిగి రాలేని వ్యక్తికి వీసా ఇవ్వడానికి ఇతర దేశాలు వెనుకాడాయి. అందువల్ల 1926లో కుదిరిన ఒప్పందంలో తిరుగు ప్రయాణపు వీసాకు చోటు కల్పించారు. స్థోమతగల శరణార్థులు ఐదు బంగారు ఫ్రాంకులు చెల్లించి నాన్సెన్ చిత్రమున్న బిళ్లను పత్రంపై అంటించే ఏర్పాటు జరిగింది. ఆ సొమ్ము పేద శరణార్థుల సహాయానికి ఉపకరించింది.

నాన్సెన్ కృషి అంతా ప్రశంసకే పాత్రం కాలేదు. 1922లో గ్రీసు-టర్కీ యుద్ధం ముగిసినప్పుడు ఆ రెండు దేశాల అల్పసంఖ్యాకుల మార్పిడిని ఆయన సమర్థించాడు. 1923 జనవరిలో కుదిరిన లాసేన్ ఒడంబడిక దానిని నిర్బంధం చేసింది. పది లక్షలకు పైగా ఆర్థడాక్స్ క్రైస్తవులు, సుమారు నాలుగు లక్షల ముస్లింలు తమ ఇష్టంతో నిమిత్తం లేకుండా తరతరాల స్వస్థలాలను కోల్పోయారు. మరిన్ని హత్యలను నివారించిన చర్యగా కొందరు దానిని సమర్థిస్తే, ప్రజలను బలవంతంగా పెకలించిన చర్యగా మరికొందరు విమర్శించారు.

1922లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి లభించింది. ఆ ధనాన్ని సహాయ కార్యక్రమాలకే వినియోగించాడు. 1925లో ఆర్మేనియాను సందర్శించి, బీడుభూములకు సాగునీరు కల్పించి వేలాది శరణార్థులను అక్కడ స్థిరపరచాలని పథకం రూపొందించాడు. ప్రభుత్వాలు సానుభూతి తెలిపాయే కాని నిధులివ్వలేదు. ఆ పథకం నెరవేరకపోవడం ఆయనను చివరివరకు బాధించింది.

1930 మే 13న నాన్సెన్ స్వగృహంలో కన్నుమూశాడు. నార్వే జాతీయ దినోత్సవమైన మే 17న ఆయన అంత్యక్రియలు జరిగాయి. మరుసటి ఏడాది ఆయన పేరిట ఏర్పడిన శరణార్థుల కార్యాలయం 1938లో నోబెల్ శాంతి బహుమతిని పొందింది. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 1951లో వెలువడిన శరణార్థుల ఒడంబడిక, శరణార్థికి ప్రయాణపత్రం ఇవ్వడాన్ని ఆశ్రయమిచ్చిన దేశపు బాధ్యతగా పేర్కొన్నది. ఆ ఒడంబడికపై సంతకం చేయని దేశాలు నేటికీ ఉన్నాయి. చేసినా తలుపులు మూసే ప్రభుత్వాలూ ఉన్నాయి. అయినా, దేశం కోల్పోయినవాడు కూడా పేరు, గుర్తింపుగల మనిషేనని ప్రభుత్వాల చేత కాగితంపై ఒప్పించిన ఘనత నాన్సెన్‌కే దక్కుతుంది.