థామస్ క్రాన్మర్

థామస్ క్రాన్మర్ (జూలై 2, 1489 - మార్చి 21, 1556) ఇంగ్లండుకు చెందిన మతాచార్యుడు, మత సంస్కర్త. ఇతడు 1533 నుండి కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుగా పనిచేశాడు. ఆంగ్ల ప్రార్థనా గ్రంథ రూపకల్పనలో ప్రధాన పాత్ర ఇతనిదే. మొదటి మేరీ రాణి కాలములో మతద్రోహ నేరముపై ఇతడిని సజీవదహనం చేశారు.

తొలి జీవితము

క్రాన్మర్ నాటింగ్‌హామ్‌షైర్‌లోని ఆస్లాక్టన్ గ్రామములో జన్మించాడు. కేంబ్రిడ్జిలోని జీసస్ కళాశాలలో చదివి అక్కడే ఫెలో అయ్యాడు. వివాహము వలన ఆ పదవిని కోల్పోయాడు. భార్య ప్రసవ సమయములో మరణించగా, కళాశాల ఇతడిని తిరిగి చేర్చుకున్నది.

రాజు వివాహ సమస్య

ఎనిమిదవ హెన్రీ తన భార్య, ఆరగాన్ కాథరీన్‌తో జరిగిన వివాహమును రద్దు చేయమని కోరగా పోపు అంగీకరించలేదు. ఐరోపా విశ్వవిద్యాలయముల పండితుల అభిప్రాయము సేకరించవచ్చునని 1529లో క్రాన్మర్ ఇచ్చిన సలహా రాజుకు నచ్చింది. 1532లో రాయబారిగా జర్మనీకి వెళ్ళిన క్రాన్మర్, పురోహితులకు వివాహము నిషిద్ధమైనప్పటికీ, అక్కడ మార్గరెటెను రహస్యముగా పెండ్లాడాడు. 1533 మార్చిలో ఆర్చిబిషప్పు అయ్యాడు. మే 23న రాజు మొదటి వివాహము చెల్లదని తీర్పునిచ్చి, జూన్ 1న యాన్ బొలీన్‌కు రాణిగా కిరీటము ధరింపజేశాడు. 1534లో పార్లమెంటు చేసిన చట్టము రాజును ఇంగ్లండు చర్చికి అధిపతిగా గుర్తించింది. 1536లో రాజు యాన్‌పై ఆగ్రహించినప్పుడు ఆ వివాహమును కూడా క్రాన్మరే రద్దు చేశాడు.

సంస్కరణలు

1547లో హెన్రీ మరణించగా తొమ్మిదేళ్ళ ఆరవ ఎడ్వర్డు రాజయ్యాడు. అప్పటివరకు ఆరాధన ఎక్కువగా లాటిన్‌లో జరిగేది. 1549లో వెలువడిన ప్రార్థనా గ్రంథము ద్వారా అది సామాన్యులకు తెలిసిన ఆంగ్లములోకి మారింది. అయితే అందరూ దీనిని స్వాగతించలేదు. కార్న్‌వాల్, డెవన్ ప్రాంతముల ప్రజలు పాత ఆరాధన కోసము తిరుగుబాటు చేయగా, ప్రభుత్వము సైన్యముతో అణచివేసింది. ఈ కాలములోనే, 1550లో, క్రాన్మర్ పాల్గొన్న విచారణ సంఘము దోషిగా తేల్చిన జోన్ బోచర్ అనే స్త్రీని మతద్రోహిగా దహనం చేశారు.

విచారణ, మరణము

1553లో ఎడ్వర్డు మరణించినప్పుడు క్రాన్మర్ లేడీ జేన్ గ్రేను సమర్థించాడు. కొద్దిరోజులకే కాథరీన్ కుమార్తె, కాథలిక్ అయిన మేరీ సింహాసనమునకు వచ్చి ఇతడిని రాజద్రోహ నేరముపై బంధించింది. తరువాత మతద్రోహ విచారణ జరిగింది. 1555 అక్టోబరులో సహచరులైన లాటిమర్, రిడ్లీలను ఆక్స్‌ఫర్డ్‌లో దహనం చేశారు. ఒంటరి నిర్బంధములో, ఒత్తిడికి లోనైన క్రాన్మర్ తన సిద్ధాంతములను విడనాడుతున్నట్లు పలు పత్రములపై సంతకము చేశాడు. పశ్చాత్తాపము చూపిన వారిని సాధారణముగా విడిచిపెట్టే ఆచారమున్నా, మేరీ శిక్షను తప్పించలేదు.

1556 మార్చి 21న ఆక్స్‌ఫర్డ్ చర్చిలో తన పశ్చాత్తాపమును బహిరంగముగా ప్రకటించవలసిన క్రాన్మర్, అనూహ్యముగా ఆ పత్రములనే త్రోసిపుచ్చాడు. మంటల వద్దకు చేరిన పిదప, వాటిపై సంతకము చేసిన కుడిచేతిని మొదట అగ్నిలో ఉంచాడు.

ప్రభావము

1559లో మొదటి ఎలిజబెత్ కాలములో ఇతని ప్రార్థనా గ్రంథము స్వల్ప మార్పులతో తిరిగి అమలులోకి వచ్చింది. 1662లో దానిని సవరించారు. ఆంగ్లికన్ చర్చితో పాటు ఈ ఆరాధనా సంప్రదాయము భారతదేశమునకు కూడా చేరింది. 1912లో ఏర్పడిన దోర్నకల్ డయోసిస్, 1947లో దక్షిణ భారత సంఘములో కలిసే వరకు ఆంగ్లికన్ చర్చికే చెంది ఉండేది. రాజాజ్ఞకు లోబడుట, మనస్సాక్షిని అనుసరించుట అనే రెంటి మధ్య నలిగిన వ్యక్తిగా క్రాన్మర్‌ను చరిత్రకారులు చర్చిస్తుంటారు.