యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948) సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త. జీవకణాలలో శక్తికి మూలమైన ఏ.టి.పి.ని గుర్తించినవారిలో ఒకరిగా ఈయన పేరు విద్యార్థులకు పరిచితమే. అయితే దీర్ఘకాలిక కీళ్లవాతం, సోరియాసిస్ రోగులకు నేటికీ మొదట ఇచ్చే మందులలో ఒకటైన మెథోట్రెక్సేట్ ఈయన నాయకత్వంలోని ప్రయోగశాలలోనే పుట్టిందన్న సంగతి తెలిసినవారు తక్కువ.

బాల్యం, విద్య

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు ఖద్దరు దుస్తులు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ వ్యాధికి బలయ్యారు. ప్రేగులు ఆహారాన్ని గ్రహించలేక మనిషి క్రమంగా క్షీణించే దీర్ఘవ్యాధి ఇది. సుబ్బారావుకు కూడా ఈ జబ్బు సోకగా, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. తరువాత ఆయుర్వేద కళాశాలలో కొంతకాలం బోధించి, 1920ల ఆరంభంలో అమెరికా వెళ్లి హార్వర్డులో చేరాడు.

హార్వర్డు నుండి లెడర్లీకి

రక్తంలో భాస్వరాన్ని కొలిచే ఫిస్కే - సుబ్బారావు పద్ధతి 1925లో వెలువడింది. ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. పరిశోధనలు దాని వెంబడే వచ్చాయి. ఇంత చేసినా హార్వర్డులో స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరాడు.

ఫోలిక్ ఆమ్లం

లెడర్లీలో ఈయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసి 1945లో ప్రకటించింది. టామ్ స్పైస్ అనే వైద్యుడు దీనిని స్ప్రూ రోగులకు ఇవ్వగా వారి రక్తహీనత తగ్గి, ఆకలి, బలం తిరిగి వచ్చాయి. తన సోదరులను బలిగొన్న వ్యాధికి మందు ఆ విధంగా సుబ్బారావు చేతుల మీదుగానే లభించింది. పెర్నీషియస్ అనీమియాలో మాత్రం ఇదే మందు రక్తాన్ని బాగుచేసి, లోపల నరాల క్షీణతను ఆపలేకపోయింది. దానికి బి12 విటమిన్ కావలసి వచ్చింది. రక్తపరీక్ష ఒక్కటే చూసి మందు పనిచేసిందని తలచడం ఎంత ప్రమాదమో వైద్యులకు దీనితో అర్థమైంది.

మెథోట్రెక్సేట్

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఫోలిక్ సంబంధమైన పదార్థాలను ఇవ్వగా వ్యాధి మరింత విజృంభించినట్లు కనిపించింది. దానితో ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే పదార్థాలవైపు దృష్టి మళ్లింది. లెడర్లీ తయారుచేసిన అమినోప్టెరిన్‌తో కొందరు పిల్లలకు తాత్కాలికంగా ఉపశమనం కలిగిందని 1948లో ప్రకటించారు. దానికంటె సురక్షితంగా వాడదగిన సోదర పదార్థమే మెథోట్రెక్సేట్.

1951లో గబ్నర్, సహచరులు అమినోప్టెరిన్ కీళ్లవాతంలోను, సోరియాసిస్‌లోను గుణమిస్తున్నదని ప్రకటించినా వైద్యలోకం పట్టించుకోలేదు. కారణం కార్టిజోన్. 1948 సెప్టెంబరులో తొలిసారి ఇచ్చిన ఈ మందుతో మంచం పట్టిన కీళ్లవాత రోగులు కొద్ది రోజులలో లేచి నడిచారు. 1950లో దానికి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఎక్కువ కాలం వాడితే ఎముకలు గుల్లబారడం, రక్తపోటు, మధుమేహం, అంటువ్యాధులు వస్తాయని క్రమంగా తెలిసింది. 1929 నుండి వాడుకలో ఉన్న బంగారు లవణాల సూదిమందు వలన చర్మంపై దద్దుర్లు, మూత్రపిండాల దోషాలు కలిగి, చాలామంది మధ్యలోనే మానివేసేవారు.

1985లో ఉత్తుత్తి మాత్రతో పోల్చి జరిపిన పరీక్షలలో మెథోట్రెక్సేట్ ప్రభావం రుజువయింది. అమెరికా ప్రభుత్వం 1988లో కీళ్లవాతానికి దీనిని అనుమతించింది. ఇది కూడా నిరపాయకరమైనదేమీ కాదు. నోటిపూత, వికారం సాధారణం. కాలేయం, ఎముక మజ్జ, ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు. గర్భిణులకు నిషిద్ధం. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే, తక్కువ మోతాదులో వేసుకోవలసిన మాత్రను పొరపాటున రోజూ వేసుకుని మరణించినవారున్నారు. ఈ దుష్ఫలితాలను తగ్గించడానికి వైద్యులు జతగా ఇచ్చేది ఫోలిక్ ఆమ్లమే! మందు, దాని విరుగుడు రెండూ ఒకే ప్రయోగశాల పంటలు.

2000లో కొత్త జీవసంబంధ ఔషధమైన ఎటానెర్సెప్ట్‌తో పోల్చినపుడు, అది తొలి నెలలలో త్వరగా పనిచేసినా, ఏడాది గడిచేసరికి లక్షణాల ఉపశమనంలో తేడా తగ్గింది. మెథోట్రెక్సేట్ ఒక్కటే చాలనివారిపై జరిపి 2013లో ప్రకటించిన మరో పరీక్షలో, దానికి సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే చౌక మాత్రలు చేర్చడం, ఎటానెర్సెప్ట్ చేర్చడం కంటె తీసిపోలేదని తేలింది. నరసరావుపేట వంటి పట్టణంలో మందులు కొనుక్కునే రోగికి ఈ ఫలితం చిన్న విషయం కాదు.

హెట్రజాన్

తెలుగువారి తీరప్రాంతాన్ని పీడించిన బోదకాలుకు మందైన హెట్రజాన్ కూడా 1947లో ఈయన బృందం ద్వారానే వచ్చింది. అంతకుముందు వాడిన ఆర్సెనిక్, ఆంటిమొనీ మందుల విషప్రభావం దీనికి లేదు. రక్తంలోని క్రిములు చచ్చేటప్పుడు జ్వరం, తలనొప్పి వస్తాయి. ముదిరిన వాపును మాత్రం ఇది తగ్గించలేదు.

మరణం, గుర్తింపు

1948 ఆగస్టులో సుబ్బారావు న్యూయార్క్‌లో గుండెపోటుతో నిద్రలోనే మరణించాడు. అప్పటికి వయసు 53. తన ప్రయోగశాల మందు కీళ్లవాతానికి పనికివస్తుందని ఆయనకు తెలియదు. 1953లో హెసెల్టైన్ ఒక శిలీంధ్రానికి ఈయన పేరిట సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశాడు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ స్మారక బిళ్ల విడుదల చేసింది.